పాలిమర్ బాగానే ఉంది, చచ్చింది కాంటాక్టు

నా పీ3హెచ్‌టీ (కరెంటు మోయగల ఒక పాలిమర్, అంటే ఒకరకం ప్లాస్టిక్) ఫిల్మ్‌లో కరెంటు పారుతుందని నిన్న సాయంత్రం తేలింది. ఒళ్ళు మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

ఫిల్మ్ వేయడం పెద్ద పనేం కాదు: క్లోరోఫామ్‌లో కరిగించి గాజు పలక మీద స్పిన్ కోటింగ్, అంటే పలకను గిర్రున తిప్పుతూ పలచటి పొరగా పరచడం. డోపింగ్, అంటే కరెంటు పారేలా ఫిల్మ్‌కు వేరే పదార్థం ఎక్కించడం, ఇంకా తేలిక. మూతున్న గాజు పాత్రలో అయోడిన్ పలుకులు వేసి ఫిల్మ్ పెడితే చాలు, ఆవిరి తగిలి ఎర్రటి ఫిల్మ్ రంగు మారిపోతుంది. అయోడిన్ పాలిమర్ గొలుసు నుంచి ఎలక్ట్రాన్ లాక్కుని ట్రైఅయొడైడ్ అవుతుంది. గొలుసు మీద మిగిలిన ధనావేశమే కరెంటును మోస్తుంది. 1977లో షిరకావా, మెక్‌డయార్మిడ్, హీగర్ పాలిఅసిటిలీన్‌లో చూపించింది ఇదే. 2000లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

అసలు నరకం కొలతల గదిలో. అక్కడి ఇన్‌ఛార్జ్ గారిది ఒకటే నియమం: ఏ శాంపిలైనా కాంటాక్టుకు, అంటే తీగ అంటించడానికి, సిల్వర్ పేస్టే, కొలవడానికి రెండు తీగలే. కాంటాక్టుకు బంగారం కావాలని అడిగితే, "లోహాలకు సరిపోయింది నీ ప్లాస్టిక్కుకు సరిపోదా?" అన్నారు. డోపింగ్ జరిగేకొద్దీ నిరోధం తగ్గాలి. కాసేపు తగ్గి, మళ్ళీ ఎగబాకింది. జూనియర్లందరి ముందూ "నీ పాలిమరే దండగ, మళ్ళీ సింథసిస్ చేసుకో పో" అన్నారు. నోరెత్తలేకపోయాను.

పేస్ట్ గీకి చూస్తే అడుగున పసుపు పొర. సిల్వర్ అయొడైడ్! వెండి కనబడితే అయోడిన్ వదులుతుందా? ఎలక్ట్రాన్లను పోనివ్వని ఆ పొర దగ్గరే కరెంటు ఆగిపోతోంది. గోడ మీద నియమాలు అంటించేవాళ్ళు కాస్త కెమిస్ట్రీ కూడా చూసుకోవాలి.

ఇంకో ల్యాబ్ వాళ్ళను బతిమాలి నాలుగు బంగారు చారలు వేయించా. బయటి రెండింటికీ కరెంటు, లోపలి రెండింటి మధ్య వోల్టేజ్; ఇలా కొలిస్తే కాంటాక్టుల నిరోధం లెక్కలోకి రాదు. మెగాఓముల్లో ఉన్న నిరోధం కిలోఓముల్లోకి దిగింది. కరెంటు గాజు మీద పేరుకున్న అయోడిన్‌లోంచి పారట్లేదని తేల్చుకోవడానికి, పాలిమర్ లేని ఉత్త గాజు పలకనూ అదే ఆవిరిలో పెట్టి కొలిచా, ఏమీ పారలేదు. మా గ్రూపులో ఈ జాగ్రత్త ఇంతవరకు ఎవరూ తీసుకోలేదు, చెప్పుకోవద్దూ మరి!

మీరు చేస్తే మాత్రం మూత తీయకుండానే కొలవండి. బయటపెడితే అయోడిన్ ఎగిరిపోతూ వాహకత పడిపోతుంది, వాక్యూమ్‌లో ఇంకా త్వరగా. స్టీల్ క్లిప్పులు పెట్టకండి, తుప్పు తినేస్తుంది.

రీడింగులు ప్రింట్ తీసి ఇన్‌ఛార్జ్ గారి బల్ల మీద పెట్టా. అటు చూడకుండానే, "వెళ్ళేటప్పుడు గది తాళం ఇచ్చి వెళ్ళు" అన్నారు.