సీప్యాప్ మాస్కూ, నా ముక్కుపుడకా

నాకు 66 ఏళ్లు. కాకినాడలో ఉంటాం. నిద్రలో ఊపిరి ఆగిపోకుండా మాస్కులోంచి గాలి ఊదే సీప్యాప్ మెషిన్ పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టి ఏడాదిన్నర దాటింది. మొదటి నెల్లో ఇది నా వల్ల కాదనుకుని మూడుసార్లు దాన్ని అట్టపెట్టెలో సర్దేశాను. ఎవరైనా అలా సర్దేసే ఆలోచనలో ఉంటే, వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

గురక నాకు చాలా ఏళ్లుగా ఉంది. ఆడమనిషి గురక పెడుతుందని నలుగురికీ తెలియడం నామోషీగా అనిపించి, పెళ్లిళ్లకు వెళ్తే విడిదింట్లో అందరూ నిద్రపోయేదాకా కూర్చునే ఉండేదాన్ని. పొద్దున్నే తలనొప్పి, పగలంతా కునికిపాట్లు, రాత్రి నాలుగుసార్లు బాత్రూమ్‌కి లేవడం, మందులు మార్చినా దిగని బీపీ. అన్నీ వయసుతో వచ్చినవే అనుకున్నాను. ఒకరోజు తెల్లవారుజామున మావారు నన్ను కుదిపి లేపారు. "గురకతో పాటు ఊపిరి కూడా ఆగిపోయిందే. ఇరవై దాకా లెక్కపెట్టాను" అన్నారు. నా భుజం మీద ఆయన చెయ్యి వణుకుతోంది. అప్పుడుగానీ డాక్టరు దగ్గరికి కదల్లేదు నేను.

రాత్రంతా తలకీ ఛాతీకీ వైర్లు అంటించి నిద్రను పరీక్షించారు. గంటకు 38 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోందట. 30 దాటితే తీవ్రంగా ఉన్నట్టే. ఈ జబ్బును స్లీప్ అప్నియా అంటారని, ముట్లు ఆగిపోయాక ఆడవాళ్లలో ఇది పెరుగుతుందని, సిగ్గుపడి చెప్పుకోకపోవడం వల్ల చాలామందిలో బయటపడదని డాక్టరు గారు అన్నారు. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. మాస్కులోంచి ఒత్తిడితో వచ్చే గాలి ఆ దారిని మూసుకోనివ్వదు. అది సిలిండర్ ఆక్సిజన్ కాదు, మన గదిలో గాలే. ఇదేదో కొత్త ప్రయోగమేమోనని నేను భయపడితే, సిడ్నీలో కోలిన్ సల్లివాన్ అనే డాక్టరు 1981లోనే దీని గురించి రాశారని ధైర్యం చెప్పారు.

ముందు ఒక నెల అద్దెకు తెచ్చుకున్నాం. మొదటి రాత్రి మాస్కు బిగించి స్విచ్ వేయగానే, ఎవరో ముఖం మీద దిండు అదిమినట్టు అనిపించింది. పది నిమిషాల్లో పీకేశాను. తర్వాతి రాత్రుల్లో గాలి లీకై కంట్లోకి కొట్టేది. లీకు ఆపాలని పట్టీలు ఇంకా బిగించేదాన్ని. పొద్దునకి కళ్లజోడు ఆనేచోటే ఎర్రగా కమిలిపోయి, జోడు పెట్టుకోలేకపోయేదాన్ని. గాలి మింగి పొట్ట ఉబ్బరం కూడా. నాలుగో రోజు మెషిన్ మళ్లీ పెట్టెలోకి వెళ్లిపోయింది.

మెషిన్ టెక్నీషియన్ అబ్బాయి ఓపిగ్గా ఇంటికి వచ్చి నన్ను పడుకోబెట్టి చూశాడు. "అమ్మా, మాస్కు సైజే తప్పు. మీరు బిగించేకొద్దీ లీకు పెరుగుతుంది" అన్నాడు. ముక్కు కిందే ఆనే చిన్న మాస్కు ఇచ్చాడు. గాలి ఒత్తిడి 4 దగ్గర మొదలై అరగంటలో మెల్లగా 10కి పెరిగేలా పెట్టాడు. నిద్ర పట్టేదాకా ఆ హోరు తెలియకుండా పోయింది. పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకోమన్నాడు. నాకు అన్నిటికంటే పనికొచ్చిన సలహా అదే. సీరియల్ చూస్తూ వారం రోజులు పెట్టుకునేసరికి భయం పోయింది.

అయినా ఎడమవైపు సన్నగా గాలి పోతూనే ఉంది. చూస్తే ముక్కుపుడక. తొమ్మిదో ఏట మా అమ్మ కుట్టించింది. పురుళ్లప్పుడు కూడా తియ్యలేదు. రాత్రిపూట తియ్యమంటే నాకు ఏడుపొచ్చింది. మావారే పక్కన కూర్చుని, "ఊపిరి ఉంటేనే కదా పుడక పెట్టుకునేది" అన్నారు. ఆ రాత్రి ఆయనే శీల తిప్పి తీసి, కుంకుమ భరిణెలో వేశారు. ఆ రాత్రి ఐదున్నర గంటలు ఆగకుండా నిద్రపోయాను. బాత్రూమ్‌కి ఒక్కసారే లేచాను.

మిగతావి చిన్న సర్దుబాట్లే. పడుకునేముందు తలకు నూనె రాసుకోవడం మానేసి పొద్దున రాసుకుంటున్నాను; నూనె తగిలితే మాస్కు జారిపోతుంది. వెనక ముడి ఉంటే పట్టీ నిలవదు, అందుకే జడ అల్లి పక్కకి వేసుకుంటాను. మెషిన్‌లో గాలికి తేమనిచ్చే నీళ్ల డబ్బాలో డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి, కుళాయి నీళ్లు పోస్తే తెల్లగా పేరుకుంటుంది. మాస్కుని రోజూ సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరేస్తాను. కరెంటు పోతే మెషిన్ ఆగిపోతుంది కాబట్టి ఇన్వర్టర్‌కి కలిపించాం. కరెంటు లేనప్పుడు నీళ్లు వేడిచేసే హీటర్ ఆపేస్తే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది.

గంటకు 38 ఉన్నది ఇప్పుడు మెషిన్ తెర మీద 3, 4 చూపిస్తోంది. పొద్దున తలనొప్పి పోయింది. బీపీ మాత్రలు మాత్రం మానలేదు, ఒకటి తగ్గించారంతే. జలుబు చేసిన రాత్రుల్లో ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

మా చిన్నాడపడుచుకీ ఇదే గురక, ఇవే కునికిపాట్లు. వచ్చే వారం డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తున్నాను. ఆవిడకి ముక్కుకి రెండువైపులా పుడకలున్నాయి. ఆ సంగతి ముందే చెప్పి ఉంచాను.