చైనా గ్రూప్ ట్రిప్: నా అనుభవం, పాత పాస్‌పోర్టు నంబరుతో వచ్చిన తిప్పలు

పోయిన నవంబర్‌లో మా చైనీస్ డిప్లొమా క్లాసు వాళ్లం 14 మందిమి, మా లావోషీ, అంటే టీచర్ గారు, క్లాసులో అందరం అలాగే పిలుస్తాం, కలిసి తొమ్మిది రోజులు బీజింగ్, షియాన్ వెళ్లొచ్చాం. నాకు ఇదే మొదటి ఫారిన్ ట్రిప్, అసలు విమానం ఎక్కడమే మొదటిసారి. జూనియర్లు చాలామంది అడుగుతున్నారు, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

వీసాకి పెద్ద కష్టపడలేదు. హైదరాబాద్‌లో చైనా కాన్సులేట్ లేదు కాబట్టి పాస్‌పోర్టులన్నీ ఏజెంట్ ద్వారా ఢిల్లీ వెళ్లాయి. ఆన్‌లైన్ ఫారం, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫొటో, అక్కడి నుంచి వచ్చిన ఇన్విటేషన్ లెటర్, కాలేజీ బోనఫైడ్, నాన్న బ్యాంక్ స్టేట్‌మెంట్ ఇచ్చాం, వచ్చేసింది. నేను దెబ్బతిన్నది టికెట్ల లిస్టు దగ్గర. ఆగస్టులో పేర్లు తీసుకున్నప్పుడు నా దగ్గర పాత పాస్‌పోర్టు ఉంది, తర్వాత రెన్యూవల్ చేయిస్తే నంబర్ మారింది, వీసాకి కొత్తదే ఇచ్చా కానీ ఏజెంట్ ఎక్సెల్ షీట్‌లో పాత నంబరే ఉండిపోయింది. వాళ్లూ చూడలేదు, నేనూ అడగలేదు.

చైనాలో మన పాస్‌పోర్టే టికెట్. ట్రైన్ అయినా మ్యూజియం అయినా పేరు, నంబర్ మీదే బుక్ అవుతుంది, గేటు దగ్గర పాస్‌పోర్టు పెడితేనే లోపలికి పంపుతారు. బీజింగ్‌లో పాత చక్రవర్తుల ప్యాలెస్ ఫర్బిడెన్ సిటీ అయితే సోమవారం సెలవు, ఏడు రోజుల ముందు నుంచి బుకింగ్ ఉంటుంది, అయిపోతే అయిపోయినట్టే. మంగళవారం పొద్దున అందరూ లోపలికి వెళ్లిపోయారు, నా పాస్‌పోర్టు మాత్రం తీసుకోలేదు. లావోషీ కౌంటర్ దగ్గర చాలాసేపు బతిమాలారు, ఆ రోజుకి టికెట్లు లేవన్నారు. క్లాసులో ఏడాది పాటు ఫొటోల్లో చూసిన ప్యాలెస్, 1420లో కట్టడం పూర్తయింది అని ఎగ్జామ్‌లో రాసిన ప్యాలెస్, గోడ బయట నిలబడి ఏడ్చేశా, నిజంగా. అప్పుడు మా సీనియర్ అక్క ఒకావిడ లోపలికి వెళ్లిందల్లా తిరిగి వచ్చేసి "నువ్వొక్కదానివే ఎక్కడుంటావే, పద" అంది. తన టికెట్ పోయినట్టే కదా. ఆ మాట నేను ఎప్పటికీ మర్చిపోను.

లోపలికి వెళ్లినవాళ్లు ఉత్తరం గేటు నుంచి బయటికి వస్తారు, దానికి ఎదురుగానే జింగ్‌షాన్ పార్క్. మేమిద్దరం కందకం పక్కనే నడుచుకుంటూ అక్కడికి చేరాం, టికెట్ 2 యువాన్లే. ఆ కొండ కూడా కందకం తవ్విన మట్టితో పోసిందే అట. పైకెక్కితే ప్యాలెస్ మొత్తం పసుపు పెంకుల పైకప్పులు వరసలు వరసలుగా కనిపిస్తుంది, కానీ నాకు అంతకంటే గుర్తుండిపోయింది కింద ఉన్న తాతగారు. నడుము ఎత్తున్న కర్రకి స్పాంజి కుచ్చు, పక్కన కోసిన ప్లాస్టిక్ బాటిల్‌లో నీళ్లు, ఆ నీళ్లతో రాతి పలకల మీద పద్యం రాస్తున్నాడు. పలకకి ఒక్కో అక్షరం. నాలుగో వరసకి వచ్చేసరికి మొదటి వరస ఎండిపోతోంది, ఆయన అది చూడను కూడా చూడట్లేదు. నేను నాకొచ్చిన చైనీస్‌లో ఇండియా నుంచి వచ్చాం, నేర్చుకుంటున్నాం అన్నా. వెంటనే కర్ర నా చేతికిచ్చేశాడు. "యోంగ్" అనే అక్షరం రాశా, శాశ్వతం అని అర్థం, బ్రష్ పట్టే ప్రతివాళ్లూ ముందు దీన్నే దిద్దుతారు, ఎందుకంటే ముఖ్యమైన ఎనిమిది గీతలూ ఇందులోనే ఉంటాయి. ఆయన తల అడ్డంగా ఊపి నా మణికట్టు పట్టుకుని కర్ర నిలువుగా ఉంచి భుజం నుంచి లాగమని చూపించాడు. చివరి గీత దగ్గర ముందు గట్టిగా అదిమి, ఒక్క క్షణం ఆగి, మెల్లగా లేపాలి. క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా నాకు రానిది అక్కడ వచ్చింది. పేరు అడిగితే ఇంటిపేరుతో మొదలుపెట్టి చెప్పా, మేమూ మీలాగే ఇంటిపేరు ముందు పెడతాం అంటే భలే సంతోషపడ్డాడు.

డబ్బుల విషయం ఒకటి చెప్పాలి, అలీపేలో, అంటే అక్కడ ఫోన్‌తో డబ్బులు కట్టే యాప్‌లో, కార్డు ఇక్కడే ఉండగా యాడ్ చేసుకోండి, ఓటీపీ ఇక్కడి నంబర్‌కే వస్తుంది కదా. ఇండియా సిమ్ రోమింగ్‌లో ఉంటే వాట్సాప్ పనిచేసింది, హోటల్ వైఫైలో రాలేదు. వెజ్ వాళ్లు "వో చ్ర్ సు", అంటే నేను వెజ్ తింటాను, అని నేర్చుకోండి, అయినా మాంసం ఉందా అని మళ్లీ అడగండి. నేను మూడు రోజులు టమాటా గుడ్డు కూరతోనే గడిపా, నాకు నచ్చింది కూడా.

షియాన్‌కి హైస్పీడ్ ట్రైన్‌లో వెళ్లాం, ఈసారి నంబర్ లావోషీ ముందు రోజు రాత్రే సరిచేయించారు. పాత చక్రవర్తి సమాధి దగ్గర పాతిపెట్టిన మట్టి సైనికుల బొమ్మలు సరే, 1974లో బావి తవ్వుతుంటే రైతులకి దొరికినవి, అందరూ వాటి కోసమే వస్తారు. నాకు మాత్రం నచ్చింది దాయాన్ పగోడా, అంటే బౌద్ధుల గోపురం. మనం స్కూల్లో హుయాన్‌త్సాంగ్ అని చదివామే, ఆయన ఇండియా నుంచి మోసుకెళ్లిన గ్రంథాలు దాచడానికి 652లో కట్టింది అదే. మన స్పెల్లింగ్‌తో చెబితే గైడ్ అమ్మాయికి అర్థం కాలేదు, శ్వెన్‌జాంగ్ అన్నాక ముఖం వెలిగిపోయింది. ఆయన మా గుంటూరు వైపు ధాన్యకటకం, అంటే ఇప్పటి అమరావతికి వచ్చి కొన్ని నెలలు ఉండి చదువుకున్నాడని చెప్పా, ఫోన్‌లో స్తూపం ఫొటో చూపించా. ఆ అమ్మాయి నోట్‌బుక్ తీసి ఆ ఊరి పేరు తెలుగులో రాయమంది. రాశాక కాసేపు అలాగే చూసి, మొదటి అక్షరం మీద వేలు పెట్టి, ఇందులో ఏ గీత ముందు రాయాలి అని అడిగింది. ఇంకో పేజీ తిప్పి, "ధా" పెద్దగా, మెల్లగా రాసి చూపించా.