మొగలిపూల బట్టీ దగ్గర రెండు పొద్దులు

ఇచ్ఛాపురం దాటి గిరిసోల వచ్చేసరికి బోర్డుల మీద గుండ్రటి ఒడియా అక్షరాలు మొదలవుతాయి. మాట మాత్రం మారదు. 1936 దాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా, బరంపురంలో టీ తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబొస్తుంది. ఉప్మా మీద ఘుగుని అనే బఠాణీ కూర పోసిచ్చే అక్కడి టిఫిను గురించి ఇంకోసారి రాస్తాను. ఈసారి చెప్పాల్సింది ఛత్రపురం వైపు మొగలిపూల గురించి, వాటినుంచి అత్తరు తీసే బట్టీల గురించి.

బస్సులో ఛత్రపురం దాకా ఖర్చు పెద్దగా లేదు. అక్కణ్నుంచి లోపలి ఊళ్లకి ఆటో అంటేనే ఒళ్లు మండుతుంది. రానూపోనూ ఆరువందలు అడిగారు, పైసా తగ్గలేదు. అయినా చీకటుండగానే బయల్దేరాలి. పది దాటి వెళ్తే చూడ్డానికి పొగ తప్ప ఏమీ ఉండదు.

మన కవిటి, సోంపేట వైపు మొగలి పొద అంటే కంచె, దాని కింద పాము. శివపూజకి పనికిరాని పువ్వు, మహా అయితే బీరువాలో చీరల మధ్య రెండు రేకులు. గంజాంలో అదే పంట. ఇక్కడి పువ్వుకీ, దాన్నుంచి తీసే రూహ్ అనే అసలు నూనెకీ, ఈ ప్రాంతపు సరుకని చాటే జి.ఐ. గుర్తింపు కూడా ఉంది. పొలం గట్ల మీద, వాగుల వెంట, ఇసుక నేలల్లో ఎక్కడ చూసినా ఇవే పొదలు. వాసన మగచెట్టు పువ్వుకే. ఆడచెట్టుకి అనాసలాంటి కాయ వస్తుంది, బట్టీకి దాంతో పనిలేదు. పూత ఎక్కువగా వానాకాలంలోనే.

పూలు కోసేవాళ్లు దోటితో వస్తారు. "బావూ, ఆకు పక్కన చెయ్యి పెట్టకండి, మూడు వేపులా ముల్లే" అన్నాడొకాయన. నిజమే, రెండంచుల వెంటా ముళ్లు, అడుగున నడిమి ఈనె వెంట ఇంకో వరస. రేకులు పూర్తిగా విప్పుకోకముందే, ఎండ తగలకముందే కోసేయాలి. ఆలస్యమైతే పువ్వు తెల్లగా బాగానే కనిపిస్తుంది గానీ లోపలి వాసన సగానికి సగం గాలిలో కలిసిపోతుంది. అందుకే బట్టీలు పొలాల మధ్యనే ఉంటాయి.

బట్టీ అంటే మట్టిపొయ్యి, దాని మీద దేగు అనే పెద్ద రాగి పాత్ర. ఆ పొద్దున అందులో వెయ్యి పూలదాకా కూరి, నీళ్లు పోశారు. మూత చుట్టూ గుడ్డపీలికలు దూర్చి బంకమట్టి మెత్తారు. మూత నుంచి తాడు చుట్టిన వెదురుగొట్టం పక్కనున్న నీళ్లతొట్టిలోకి దిగుతుంది. తొట్టిలో మునిగి ఉండే గుండ్రటి రాగి పాత్ర భప్కా. దానిలో ముందే నూనె పోసి ఉంచుతారు. ఆవిరి అక్కడ చల్లబడి నీరవుతుంది, వాసనని నూనె పట్టుకుంటుంది, అదే అత్తరు. ఆ నూనె గంధం నూనె కావాలి. ధర భరించలేక చాలాచోట్ల పారఫిన్ పోస్తున్నారు. వాసన ఎక్కుతుంది గానీ గంధం ఇచ్చే నిండుతనం రాదు, నాకది బాధగానే అనిపించింది.

అక్కడ థర్మామీటరు లేదు. పొయ్యి దగ్గరున్న పెద్దాయన మోచేతిదాకా తొట్టిలో చెయ్యి ముంచి, భప్కాని తడిమి, ఎంత నిండిందో చెబుతాడు. తొట్టినీళ్లు వేడెక్కితే ఆవిరి చల్లబడదు, వాసన పోతుంది. అందుకే నీళ్లు మారుస్తూనే ఉంటారు. మంట పెరిగితే అడుగు పూలు మాడి ఆ కంపు నూనెకి పడుతుంది, ఇక దాన్ని బాగుచేయలేరు. మట్టి ఎక్కడ బీట వేసినా ముందు తెలిసేది ముక్కుకే. చుట్టూ ఉన్నవాళ్లందరికీ ఒక్కసారి మొగలి వాసన గుప్పుమందంటే దేగు కారుతోందని అర్థం, ఎవరో ఒకరు తడిమట్టితో పరుగెత్తుతారు. బట్టీ బాగా నడుస్తున్నంతసేపూ పొగ, తడిమట్టి, ఉడికిన ఆకు వాసనే తప్ప పూల వాసన దాదాపు ఉండదు. నేను ఊహించనిది అదే.

ఒక్కపూటకి వెళ్లేవాళ్లకి నూనె కనపడదు. భప్కాని రాత్రంతా కదపకుండా వదిలేస్తారు. తెల్లారాక అడుగునున్న చిల్లు బిరడా తీస్తే ముందు నీరు కారుతుంది, నూనె తేలికగనక పైన నిలుస్తుంది. ధార చిక్కబడగానే బిరడా బిగిస్తారు. కారిన నీళ్లలో ఇంకా వాసన ఉంటుంది గనక వాటిని పారబొయ్యరు. అప్పటికే దోటివాళ్లు కొత్త పూలు దింపేసి ఉంటారు. వాటిమీద ఆ నీళ్లే పోసి, మూతపెట్టి, మళ్లీ మట్టి మెత్తడం మొదలెడతారు.