తెల్ల పోగు

మొదట వచ్చింది కడుపునొప్పి. మా అమ్మాయికి అప్పుడు నాలుగున్నరేళ్లు. పప్పన్నం రెండు ముద్దలు తినగానే కక్కేసేది. టెక్సాస్‌లో మా ఇంటి దగ్గరి క్లినిక్‌లో చూపిస్తే కడుపులో వైరస్ అన్నారు, నీళ్లు బాగా తాగించమన్నారు. బతిమాలి మరీ తాగించాం. అసలే అలిసిపోయిన గుండె మీద ఇంకా బరువేశామని తర్వాత తెలిసింది. చిన్నపిల్లల్లో గుండె నీరసిస్తే చాలాసార్లు ఇలా వాంతులూ కడుపునొప్పిగానే బయటపడుతుందట. వారం తర్వాత మెట్లెక్కుతూ మధ్యలో కూలబడి, "ఎత్తుకో నాన్నా" అంది. ఎమర్జెన్సీలో ఎక్స్‌రే తీస్తే ఛాతీలో సగానికి పైగా గుండే కనిపించింది.

డైలేటెడ్ కార్డియోమయోపతీ అన్నారు. కండరం సాగి పల్చబడిపోయింది. మామూలుగా గుండెలో ఎడమవైపు కింది గది, అంటే ఎడమ జఠరిక, నిండిన రక్తంలో సగం పైనే బయటికి తోస్తుంది. మా పిల్లది 15 శాతం. గుండెకి బలమిచ్చే మిల్రినోన్ అనే మందు డ్రిప్‌తో కొన్నాళ్లు నెట్టుకొచ్చాక మూత్రం తగ్గింది, కిడ్నీలు మొరాయించాయి. గుండె మార్చడమే దారి, కానీ వేరే గుండె దొరికేదాకా ఈ గుండె ఆగేలా లేదు. అప్పుడు విన్నాం బెర్లిన్ హార్ట్ మాట.

పిల్లల కోసం చేసిన పంపు అది. బెర్లిన్‌లో 1990లోనే ఒక పిల్లాడికి పెట్టారు, అమెరికాలో ఆమోదం వచ్చింది మాత్రం 2011 డిసెంబరులో. పెద్దవాళ్ల పంపు ఛాతీలోపలే ఇముడుతుంది. 16 కిలోల పిల్లకి అంత చోటెక్కడిది? అందుకని ఇది పొట్టమీద, బయటే ఉంటుంది. గుండె నుంచి ఒక గొట్టం పంపులోకి, పంపు నుంచి ఇంకోటి బృహద్ధమని అనే పెద్ద రక్తనాళంలోకి. సంతకం పెట్టే ముందు సర్జన్ ఏదీ దాచలేదు. అమెరికాలో 48 మంది పిల్లల మీద చేసిన ట్రయల్‌లో 29 శాతం మందికి స్ట్రోక్ వచ్చిందన్నాడు. మా ఆవిడ పెన్ను తీసుకుని ముందు తనే సంతకం పెట్టింది.

ఆపరేషనయ్యాక దుప్పటి తీసి చూపించారు. అరచేతిలో పట్టే పారదర్శకమైన డిప్ప, మధ్యలో పల్చటి పొర. పొరకి ఒక పక్క గాలి, ఇంకో పక్క మా పిల్ల రక్తం. గాలి తోసినప్పుడల్లా రక్తం ఒంట్లోకి పోతుంది, గాలి వెనక్కి లాగితే మళ్లీ నిండుతుంది. ఒక్కో దెబ్బకి 25 మిల్లీలీటర్లు, అంటే ఐదు టీస్పూన్లు. నిమిషానికి 80 సార్లు. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు చాలాసేపు చూసి, "ఏంటి బాబూ, గుండెకాయ బయటే పెట్టేశారు!" అన్నారు. నెమ్మదిగా వేలు ఆనించి, "వెచ్చగా ఉంది" అన్నారు. ఐసీయూలో ఎండుమిరపకాయలు కాల్చడం కుదరదు కదా, గుప్పెడు ఉప్పు తిప్పి సింకులో వేసి నీళ్లు వదిలారు. నర్సు ఏమిటని అడిగితే నేను చెప్పలేక నవ్వేశాను.

పంపు నడిపే యంత్రం చక్రాల మీది బీరువాలా ఉండేది. మా అమ్మాయి దాన్ని "నా బండి" అనేది. గోడ నుంచి ప్లగ్గు పీకితే బ్యాటరీ అరగంట. ఆ అరగంటలోనే వరండాలో చివరిదాకా వెళ్లి, చేపల తొట్టె చూసి, తిరిగి రావాలి. ఒక నర్సు బండి తోసేది, ఇంకొకరు గొట్టాలు పట్టుకునేవారు, ఈవిడగారు మహారాణిలా ముందు నడిచేది. వాంతులు ఆగాయి, బుగ్గలొచ్చాయి. పెరుగన్నం, ఆవకాయ అడిగింది.

నా భయమంతా టార్చి లైటులో ఉండేది. కొన్ని గంటలకోసారి నర్సు టార్చితో పంపులో మూలమూలా వెతికేది. గడ్డ కట్టిందా అని. రక్తం పల్చనైతే ఎక్కడో కారుతుంది, చిక్కనైతే గడ్డకట్టి మెదడుకి పోతుంది. మందు ఈ రెంటి మధ్య నడవాలి. నాకూ చూడ్డం నేర్పారు. నలభయ్యో రోజు రాత్రి కవాటం అంచున తెల్లటి పోగు కనబడింది, కొబ్బరి కోరులో పీచంత. అతుక్కుని ఉందా, ఊగుతోందా? ఊగుతోంది. మర్నాడు మంచం దగ్గరే పాత పంపు విప్పి కొత్తది బిగించారు. బిగించే ఆ కాసేపూ పంపు ఆగి ఉంటుంది. నేను బయట గోడకి ఆనుకుని ఎనభై ఎనభైగా లెక్కపెట్టాను.

రక్తం 'ఓ' గ్రూపు, పేరు 1ఏ లిస్టులో, అంటే గుండె అందరికన్నా అత్యవసరమైనవాళ్ల జాబితాలో. ఒకసారి రాత్రి గుండె దొరికిందని తెల్లారేసరికి పనికిరాదన్నారు. గుడికెళ్తే ఏం కోరుకోవాలో తెలిసేది కాదు. దండం పెట్టి వచ్చేసేవాణ్ణి. 113వ రోజు నిజంగానే వచ్చింది. ఎవరిదో, ఎక్కడిదో చెప్పరు. అవయవదాన సంస్థ ద్వారా ఆ తల్లిదండ్రులకి ఉత్తరం రాశాం. జవాబు రాలేదు, రావాలనీ లేదు.

ఇప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. పొద్దున ఎనిమిదింటికి, రాత్రి ఎనిమిదింటికి టాక్రోలిమస్, కొత్త గుండెని ఒళ్లు తిప్పికొట్టకుండా ఆపే మాత్ర. పంపరపనస ముట్టకూడదు, మందుకి పడదు. కొత్త గుండెకి నరాలు తెగిపోయి ఉంటాయి కాబట్టి పరుగు మొదలెట్టగానే వేగం అందుకోదు, ఆపాకా వెంటనే తగ్గదు. మా పిల్ల దీన్ని వాడుకుంటుంది. హోంవర్క్ తీయమంటే "నా గుండె ఇంకా పరిగెడుతోంది" అంటుంది.

సంక్రాంతికి తెనాలి వెళ్లాం. రాత్రి కరెంటు పోయింది. ఫోన్ టార్చి వేశానో లేదో, వెలుగు దానంతటదే పిల్ల పొట్ట మీదికి పోయింది.

"అక్కడేం లేదు నాన్నా, మచ్చలే" అంది. "మాత్ర వెతుకు, ఎనిమిదవుతోంది."