పాత డబుల్ బ్యారెల్ తుపాకిని తక్కువ ధరకు కొనేటప్పుడు

ఉదయగిరి, సీతారామపురం మెట్ట ఊళ్ళలోనూ, కనిగిరి, పామూరు చుట్టుపక్కల పాత మోతుబరి కుటుంబాల్లోనూ ఇప్పటికీ ఏదో ఒక బీరువాలో ట్వెల్వ్ బోర్ (గొట్టం లోపలి కొలత) డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల) తుపాకి ఉంటుంది. తాత కొన్నది తండ్రి పేరు మీదకు మారి ఉంటుంది. మనవడు హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉద్యోగం చేసుకుంటూ ఉంటాడు కాబట్టి లైసెన్సు పునరుద్ధరణ కోసం కలెక్టరాఫీసు చుట్టూ తిరిగే తీరిక అతనికి ఉండదు. అలాంటి తుపాకి అమ్మకానికి వస్తే అడిగే ధర చాలా తక్కువగా ఉంటుంది. నేను కొన్నది బర్మింగ్‌హామ్‌లో తయారైన సాదా తుపాకి. మా పాడి గేదెకు పెట్టిన సొమ్ములో మూడో వంతు కూడా దానికి ఖర్చు కాలేదు.

ఇంత మంచి పనితనం ఇంత చౌకగా దొరకడానికి కారణాలున్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట క్రమంగా ఆగిపోయింది. ఆత్మరక్షణ కోసం ఆయుధం కోరేవాళ్ళు పిస్తోలో రివాల్వరో కావాలంటారు తప్ప బారెడు పొడవున్న తుపాకిని కోరరు. 2019లో ఆయుధాల చట్టానికి చేసిన సవరణతో ఒక మనిషి దగ్గర రెండుకు మించి తుపాకులు ఉండకూడదని నిర్ణయించారు. అంతకుముందు మూడు వరకు ఉండవచ్చు. అదనంగా ఉన్నదాన్ని వదులుకోవలసి వచ్చిన వాళ్ళు సహజంగానే పిస్తోలును ఉంచుకొని పాత డబుల్ బ్యారెల్‌ను అమ్ముకున్నారు. పల్లెల్లో కొనగలవాళ్ళ సంఖ్యా తక్కువే, ఎందుకంటే లైసెన్సు లేనివాడికి ఆ వస్తువు ఎంత చౌక అయినా పనికిరాదు.

ముందు కాగితాల సంగతి చెప్పాలి. అమ్మిన పెద్దాయన మాకు దూరపు చుట్టం, వరసకు పెదనాన్న. కావలిలో ఆయన ఇంటి వసారాలో నేను తుపాకి మీదకు చేయి చాచగానే, "అబ్బయ్యా, ముందు కాగితాలు చూడు, తుపాకి యాడికీ పోదు" అన్నారు. ఆ మాట అక్షరాలా సరైనది. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం, కనీసం 20 అంగుళాల గొట్టం ఉన్న నున్నటి బోరు (గొట్టం లోపల గాడులు లేని) తుపాకిని రక్షణకు గానీ క్రీడకు గానీ అడగవచ్చు. పంట కాపలాకైతే చట్టం మొదట చూపేది మూతి నుంచి మందు కూరే తుపాకినే. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే తూటాల తుపాకికి అనుమతి ఇవ్వవచ్చు. వెలుగొండల కింద బత్తాయి తోట, దాని పక్కనే వేరుశనగ చేను ఉన్నవాడిగా నా దరఖాస్తులో ఈ రెండో సంగతినే వివరంగా రాశాను. 2016 నాటి నిబంధనల ప్రకారం దరఖాస్తుతో పాటు వైద్య ధ్రువపత్రం, తుపాకిని భద్రంగా దాచే ఏర్పాటుపై హామీ, సురక్షితంగా వాడడంలో శిక్షణ పొందినట్టు పత్రం ఇవ్వాలి. ఆ తరువాత పోలీసు విచారణ జరుగుతుంది. లైసెన్సు ఉన్న ఇద్దరు వ్యక్తుల మధ్య అమ్మకం జరిగేటప్పుడు అమ్మేవారు జిల్లా మేజిస్ట్రేటుకు గానీ దగ్గరి పోలీసు స్టేషనుకు గానీ రాతపూర్వకంగా తెలియజేసి, 45 రోజులు గడిచిన తరువాతే వస్తువును చేతికివ్వాలి. ఈ గడువును దాటవేద్దామని ఎవరైనా సలహా ఇస్తే అక్కడి నుంచి లేచి రావడమే మంచిది.

కాగితాల్లో చూడవలసిన మరో సంగతి నంబరు. గొట్టాల అడుగున, వాటిని పట్టి ఉంచే ఉక్కు భాగం మీద, గొట్టాల కింద చేత్తో పట్టుకొనే ముందు చెక్కలోని ఇనుము మీద తయారీదారు కొట్టిన నంబరు ఒకటే అయి ఉండాలి. లైసెన్సు పుస్తకంలో రాసినదీ అదే కావాలి. ఒకచోట వేరే నంబరు కనిపించిందంటే రెండు తుపాకుల భాగాలు కలిపారని అర్థం. తరువాత తనిఖీలో సంజాయిషీ చెప్పుకోవలసింది కొన్నవాడే.

ఇక తుపాకి. చాలామంది మొదట చూసేది చెక్కడపు పని, భుజానికి ఆనించే మడమ చెక్క మెరుపు, పేరు. ఆ వరస తప్పని నా గట్టి నమ్మకం. గొట్టం మీద కలకత్తా మాంటన్ అనో, రోడ్డా అనో, మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్ అనో ఉండవచ్చు. అవి అమ్మిన దుకాణాల పేర్లు, వాటిలో చాలా తుపాకులు బర్మింగ్‌హామ్ పనివాళ్ళ చేతుల్లో తయారై ఓడల్లో వచ్చినవే. తక్కువ ధరలో కొనేవాడు వెతకవలసింది పేరు లేని గట్టి బాక్స్‌లాక్‌ను, అంటే పేల్చే యంత్రాంగమంతా ఒక ఉక్కు పెట్టెలో ఇమిడిన తుపాకిని. 1875లో వెస్ట్లీ రిచర్డ్స్ సంస్థలోని ఆన్సన్, డీలీ పేటెంటు తీసుకున్న ఈ యంత్రాంగంలో భాగాలు తక్కువ, గొట్టాలను మడిచి తెరవడంతోనే లోపలి సుత్తులు ఎక్కుతాయి. అందువల్ల చవకగానూ దృఢంగానూ తయారైంది. నూరేళ్ళు దాటినా చక్కగా పనిచేసే బాక్స్‌లాకులు ఈనాటికీ ఉన్నాయి.

రెండు గొట్టాలలోనూ తూటా లేదని కళ్ళతో చూసిన తరువాతే పరీక్ష మొదలు పెట్టాలి. ముందు చెక్కను ఊడదీసి, గొట్టాలను వేరు చేసి, అడుగున ఉన్న చదునైన భాగాన్ని వెలుతురుకు తిప్పాలి. తుపాకి జాతకమంతా ఉండేది అక్కడే. బర్మింగ్‌హామ్‌లో 1813లో నెలకొల్పిన ప్రూఫ్ హౌస్ ప్రతి గొట్టాన్నీ మామూలు కంటే ఎక్కువ మందుతో పేల్చి చూసి, తట్టుకున్న వాటికే కిరీటం ముద్ర వేసేది. కిరీటం కింద ఎన్‌పి అక్షరాలుంటే పొగలేని మందుకు పరీక్షించారని అర్థం. 1954 తరువాతి వాటి మీద బిఎన్‌పి అని, పక్కన పీడనం టన్నుల్లో ఉంటుంది. అంతకుముందు వాటిలో చాలావాటి మీద గుళ్ళ బరువు పరిమితి ఔన్సుల్లో కనిపిస్తుంది. బెల్జియం తుపాకులకు లీజ్ నగరపు ముద్ర, అంటే గుడ్డు ఆకారపు గీతలో ఇ.ఎల్.జి. అనే మూడు అక్షరాలు ఉంటాయి. ఏ ముద్రా లేని గొట్టాన్నీ, పొగ వచ్చే పాతకాలపు నల్ల తుపాకిమందుకు మాత్రమే పరీక్షించిన గొట్టాన్నీ ఈనాటి తూటాలతో పేల్చకూడదు. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి అతికిన డమాస్కస్ గొట్టాలు చూడడానికి ఎంతో అందంగా, నీటి అలల్లాంటి గీతలతో ఉంటాయి. వాటిని గోడకు తగిలించుకోవచ్చు గానీ, తోట కాపలాకు నేనైతే కొనను.

మా తుపాకి అడుగున 12 అనే అంకె ఒక వజ్రాకారపు గీతలో ఉంది. ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోస్తే ఒక్కొక్క గుండు వ్యాసం ఎంతో, అదే ట్వెల్వ్ బోర్, లెక్కకు 0.729 అంగుళాలు, దాదాపు 18.5 మిల్లీమీటర్లు. పాత గొట్టాన్ని తుప్పు పోయేలా లోపల పదే పదే గీకి ఉంటే ఈ కొలత పెరుగుతుంది, గోడ పలచబడుతుంది. అందుకే తుపాకులు బాగుచేసే మేస్త్రీని వెంటబెట్టుకొని వెళ్ళాను. ఆయన కొలిచే పరికరంతో గోడ మందాన్ని మొదలు నుంచి మూతి దాకా అంగుళం అంగుళం చూశారు. 20 థౌ, అంటే సుమారు అర మిల్లీమీటరు, కంటే ఎక్కడా తగ్గకూడదని ఆయన లెక్క. లోపల అద్దంలా మెరిసే గొట్టాన్ని చూసి మురిసిపోయేవాళ్ళకు ఈ సంగతి తెలియాలి: ఆ మెరుపు కోసం ఎంత లోహం పోయిందో కొలిస్తే తప్ప తెలియదు. చిన్న చిన్న మచ్చలున్నా గోడ మందంగా ఉన్న గొట్టమే మేలు.

మచ్చలు ఎందుకు పడతాయంటే, పాత తూటాల అడుగున నిప్పు రాజేసే టోపీల్లో పొటాషియం క్లోరేటు వాడేవారు. పేలిన తరువాత మిగిలే ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొని ఉక్కును తినేస్తుంది. కావలి, నెల్లూరు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఈ బాధ మరీ ఎక్కువ. గొట్టాన్ని కిటికీ వైపు పెట్టి లోపలికి చూస్తూ మెల్లగా తిప్పితే వెలుతురు వలయాలు గుండ్రంగా కనిపించాలి. ఎక్కడైనా వలయం వంకర తిరిగితే అక్కడ సొట్ట ఉందని తెలుసుకోవచ్చు. తరువాత మేస్త్రీ గొట్టాల కొక్కేన్ని ఒక వేలికి వేలాడదీసి గోటితో తట్టారు. గుడిగంటలా ఖంగున మోగి చాలాసేపు నిలిచింది. రెండు గొట్టాలను కలిపే పట్టీ అతుకు విడిపోతే ఈ మోత రాదు, బొంగురుగా పలుకుతుంది.

గొట్టాలను మళ్ళీ బిగించిన తరువాత ముందు చెక్క లేకుండానే పట్టుకొని ఊపి చూడాలి. వెనుక ఉక్కు గోడకూ గొట్టాల అంచుకూ మధ్య వెలుతురు సందు కనిపించకూడదు. పైన ఉండే టాప్ లివర్ (గొట్టాలను తెరిచే మీట) మూసినప్పుడు మధ్యగీతకు కాస్త కుడివైపు ఆగితే లోపలి బిగింపు ఇంకా అరగలేదని అర్థం. ఎడమవైపుకు దాటి పోతే ఆ తుపాకి చాలా పని చేసి అలసిపోయింది. మాది సరిగ్గా నడిమిన ఆగింది. పొడవు 28 లేక 30 అంగుళాలు ఉందా అని టేపుతో కొలిచి, మూతి దగ్గర రెండు గొట్టాలూ దాదాపు ఆనుకొని ఉన్నాయో లేదో చూడాలి. మధ్యలో ఖాళీ ఉంటే ఎవరో మూతిని కోసేశారు. అలా కోయడం చట్టం 6వ సెక్షన్ కింద లైసెన్సు లేకుండా చేయరాని పని, పైగా కొసన గొట్టాన్ని ఇరుకు చేసి గుళ్ళు చెదరకుండా చూసే చోక్ బిగువు కూడా దానితోనే పోతుంది.

అక్రోటు చెక్క మడమలో సన్నటి నడుము దగ్గర పగుళ్ళుంటాయి, అవి చూడాలి. నూనె రాసి తుపాకిని ఏళ్ళ తరబడి నిలబెట్టి ఉంచితే ఆ నూనె కిందికి దిగి చెక్క నల్లబడి మెత్తబడుతుంది. మూతిని కిందికి పెట్టి నిలబెట్టాలని మేస్త్రీ చెప్పారు, ఇప్పుడు మా ఇంట్లో అలాగే ఉంటుంది.

తూటాల దగ్గర ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. పాత ఇంగ్లీషు తుపాకుల ఛాంబరు, అంటే తూటా కూర్చునే గది, చాలావాటిలో రెండున్నర అంగుళాలు, తూటాల లెక్కలో దాన్ని 65 మిల్లీమీటర్లు అంటారు. ఈనాటి తూటాలు చాలావరకు 70 మిల్లీమీటర్లవి. డబ్బా మీద రాసే పొడవు పేలి విచ్చుకున్న తరువాతి పొడవు కాబట్టి, పొడవైన తూటా పొట్టి ఛాంబరులో ఏ ఇబ్బందీ లేకుండా దూరుతుంది. పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక పీడనం పెరుగుతుంది. దూరింది కదా అని పేల్చడం చేతులూ కళ్ళూ పోగొట్టుకొనే పని. మన దేశంలో శక్తిమాన్ పేరుతో ఈ తూటాలను తయారు చేసే ఖడ్కీ కర్మాగారం 1869 నాటిది. ఏ కర్మాగారానివైనా డబ్బా మీది పొడవును చదివి, ఛాంబరును కొలిపించుకొని, రెండూ సరిపోతేనే కొనాలి.

ఈ తుపాకితో అడవి పందిని కొట్టవచ్చా అని తోట పక్కవాళ్ళు అడుగుతుంటారు. తుపాకి లైసెన్సు వేరు, వేట అనుమతి వేరు. నిలిచిన పంటకు ముప్పుగా మారిన జంతువు విషయంలో 1972 చట్టం 11వ సెక్షన్ కింద అధీకృత అధికారి లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వు లేకుండా పందిని కొట్టినా నేరమే. నెమలి, దుప్పి సంగతి చెప్పనే అక్కరలేదు.

ఎన్నికల నియమావళి రాగానే తుపాకిని పోలీసు స్టేషనులో అప్పగించమని ఉత్తర్వులు వస్తుంటాయి. అప్పగించే ముందు గొట్టాల లోపలా బయటా చిక్కటి గ్రీజు పట్టించి, రసీదులో నంబరు సరిగా రాశారో లేదో చూసుకొని తీసుకోవాలి, ఎందుకంటే తిరిగి చేతికి వచ్చేదాకా నెలల తరబడి దానికి నూనె రాసేవాళ్ళుండరు.

మా ప్రాంతంలో తండ్రి చనిపోయాక తుపాకిని ఏం చేయాలో తెలియక ఇంట్లోనే దాచుకున్న కుటుంబాలకు ఒక మాట. అది వెంటనే నేరంగా మారగల పరిస్థితి, కాబట్టి ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషనులో గానీ లైసెన్సు ఉన్న ఆయుధ వ్యాపారి దగ్గర గానీ జమ చేయండి. వారసుల్లో ఒకరు లైసెన్సుకు దరఖాస్తు చేసుకొనే వీలు 2016 నిబంధనల్లోని 25వ నిబంధన ఇస్తోంది. మిగిలిన వారసుల అంగీకార పత్రాలు జత చేయండి. లైసెన్సుదారు బతికి ఉండగానే 70 ఏళ్ళు నిండినా, 25 ఏళ్ళుగా తుపాకి ఆయన దగ్గర ఉన్నా ఇదే దారి ఉంది. ఎవరికీ వద్దనుకుంటే వ్యాపారి ద్వారా లైసెన్సు ఉన్నవాళ్ళకు అమ్మవచ్చు. జమ చేసిన రసీదు, పాత లైసెన్సు పుస్తకం, వారసత్వ ధ్రువపత్రం ఒకే కవరులో పెట్టుకోండి, దరఖాస్తు వేసినప్పుడు మొదట అడిగేవి అవే.