గ్రేట్‌ఫుల్ డెడ్ లైవ్: అతుకు దగ్గర చెవి పెట్టండి

అమెరికన్ రాక్ బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్ 1965 నుంచి 1995 దాకా రెండు వేల మూడొందలకు పైగా కచేరీలు చేసింది. ఏది మంచిదని అడిగితే ఎక్కువమంది చెప్పే తేదీ ఒకటే: 1977 మే 8, కార్నెల్ యూనివర్సిటీ, బార్టన్ హాల్. కాదనను. కానీ నా కొలబద్ద వేరు. సెట్‌లిస్టులో రెండు పాటల మధ్య బాణం గుర్తు ఉంటే, ఆపకుండా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారుకున్నారని అర్థం. ఆ అతుకు ఎలా పడిందనేదే నేను చూసేది.

కార్నెల్ సెకండ్ సెట్‌లో స్కార్లెట్ బిగోనియాస్‌లోంచి ఫైర్ ఆన్ ది మౌంటెన్‌లోకి వెళ్తారు. రెండూ కలిపి 25 నిమిషాల పైమాటే. ఈ జంటను మొదటిసారి వాయించింది అదే ఏడాది మార్చి 18న, శాన్‌ఫ్రాన్సిస్కోలోని వింటర్‌ల్యాండ్ హాల్లో. అంటే అప్పటికి రెండు నెలలైనా నిండలేదు. స్కార్లెట్ చివరి జామ్, అంటే అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే భాగం, బి మీద నిలబడుతుంది, ఫైర్ మొత్తం బి, ఏ అనే రెండు కార్డ్‌ల మీదే నడుస్తుంది. శ్రుతి మార్చే పని లేదు, నడక మారితే చాలు. అందుకే ముందుండి వాయించే జెర్రీ గార్సియా గిటార్‌ను కాసేపు వదిలేసి ఫిల్ లెష్ బేస్ వెంట వెళ్లండి. ఇంకా స్కార్లెట్‌లోనే ఉన్నారా, దాటేశారా అన్నది అక్కడే తెలుస్తుంది.

ఈ కచేరీ పేరు ఇంతగా మోగడానికి వాయిద్యం ఎంత కారణమో టేపూ అంతే. మామూలు సౌండ్‌బోర్డ్ టేపులో, అంటే కచేరీ మిక్సర్ నుంచి నేరుగా తీసిన టేపులో, ఉండేది హాల్ స్పీకర్లకు వెళ్లే మిక్స్. చిన్న హాల్లో స్టేజి మీది ఆంప్‌లే గట్టిగా మోగుతాయి కాబట్టి గిటార్‌ను స్పీకర్లలోకి పెద్దగా పంపరు. దాంతో టేపులో గొంతు ముందుకొచ్చి గిటార్ పీలగా మిగులుతుంది. బ్యాండ్ రికార్డింగ్ ఇంజనీర్ బెట్టీ కాంటర్-జాక్సన్ టేపు కోసమే వేరే మిక్స్ చేసేది. ఆమె టేపులు 1986లో వేలంలో పోయాయి, అక్కణ్ణుంచి చేతులు మారాయి. కార్నెల్ అధికారికంగా విడుదలైంది 2017లో.

పాత కాపీలు వినేటప్పుడు మూడు చూసుకోవాలి. ఒకటి, ప్లేయర్‌లో గ్యాప్‌లెస్ (ట్రాకుల మధ్య ఖాళీ లేకుండా వాయించే సెట్టింగ్) ఆన్ చేయండి. లేకపోతే సరిగ్గా అతుకు దగ్గరే చిన్న మౌనమో, టిక్కుమనే చప్పుడో వస్తుంది. రెండు, 90 నిమిషాల క్యాసెట్‌కు ఒక వైపు 45 నిమిషాలే కాబట్టి జామ్ మధ్యలో తెగుతుంది. ఆ ఖాళీని ప్రేక్షకుల్లోంచి తీసిన రికార్డింగ్‌తో పూడుస్తారు, ఉన్నట్టుండి చప్పట్లు మీదికొచ్చి పడేది అందుకే. మూడోది వేగం. ట్యూనర్ పెట్టి ఫైర్‌లోని బి చూడండి. అరస్వరం తేడా ఉంటే వేగం సుమారు 6 శాతం తప్పినట్టు. పోనుపోను శ్రుతి పెరుగుతుంటే రికార్డర్ బ్యాటరీ నీరసించిందేమో అనుకోండి: టేపు నెమ్మదిగా తిరుగుతూ రికార్డైంది, మామూలు వేగంతో వేస్తే పరుగెడుతుంది.

కార్నెల్ కాక వినాల్సినవి ఇంకొన్ని. 1970 ఫిబ్రవరి 13, న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్: డార్క్ స్టార్, దట్స్ ఇట్ ఫర్ ది అదర్ వన్, టర్న్ ఆన్ యువర్ లవ్‌లైట్. తలా అరగంట చొప్పున మూడే పాటలు, గంటన్నర. బ్యాండ్ పాత కచేరీల సిరీస్ డిక్స్ పిక్స్ నాలుగో సంపుటంలో ఉంది. ఇంట్లో వేరే పని పెట్టుకోకుండా వినాలి. 1990 మార్చి 29, నసావ్ కొలీజియంలో జాజ్ కళాకారుడు బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్ శాక్సోఫోన్‌తో కలిశాడు. ఐస్ ఆఫ్ ది వరల్డ్ ఒక్కటి విన్నా చాలు.

నా మొదటి ఓటు మాత్రం 1972 ఆగస్టు 27, ఆరెగాన్‌లోని వెనెటాకే. స్ప్రింగ్‌ఫీల్డ్ క్రీమరీ అనే డెయిరీకి సాయంగా ఆరుబయట చేసిన కచేరీ. ఎండ మండిపోయి తీగలు శ్రుతి నిలవలేదు, మొదట్లో కాస్త ఓర్చుకోవాలి. రెండో డ్రమ్మర్ మికీ హార్ట్ బ్యాండ్‌లో లేని కాలమది, డ్రమ్స్ మీద బిల్ క్రాయిట్స్‌మన్ ఒక్కడే. ఇద్దరి మధ్య ఒప్పందం అక్కర్లేదు కనుక జామ్ ఎటు తిరిగితే అటు క్షణంలో తిప్పేస్తాడు. డార్క్ స్టార్ అరగంట దాటి, రాగం తాళం కరిగిపోయి, ఇక మిగిలింది రొదే అనుకునే చోట రెండో గిటారిస్టు బాబ్ వీర్ ఎల్ పాసో పాట ఎత్తుకుంటాడు. తిశ్ర నడకలో సాగే కౌబాయ్ కథ! ఒకటి రెండు దెబ్బల పాటు మిగతావాళ్లు ఇంకా పాత చోటే తచ్చాడతారు, తర్వాత అందరూ ఒకేసారి మూడు దెబ్బల్లోకి వచ్చి పడతారు.