పిల్లల కంటే ముందు మాస్టార్లకు

మనం చదువుకునే రోజుల్లో వ్యాపార ప్రణాళికల పోటీ అంటే సెమినార్ హాలు కిటకిటలాడేది. స్లైడ్లు ముచ్చటగా ఉండేవి, అయిదో ఏట రాబోయే లాభం పైసలతో సహా తేలిపోయేది. "ఇది కొనేవాళ్లలో ఎంతమందితో మాట్లాడారు?" అన్న ప్రశ్న మాత్రం జడ్జీల నోట వినపడేది కాదు. అది అడగాలని వాళ్లకు మాత్రం ఎవరు నేర్పారు గనక! చాలా కాలేజీల్లో విద్యార్థుల కొత్త వ్యాపారాలకు చేయూతనిచ్చే స్టార్టప్ సెల్ అంటే ఇప్పటికీ ఒక గది, ఒక బోర్డు, ఉన్న క్లాసులకు తోడు ఈ బరువు కూడా మోసే ఒక ఇన్‌చార్జి.

వ్యాపారం మొదలుపెట్టడం పిల్లలకు నేర్పాలంటే ముందు మాస్టార్లకే నేర్పాలన్న సంగతిని అమెరికాలో బాబ్సన్ కాలేజీ 1984లోనే పట్టుకుంది. ఎంట్రప్రెన్యూర్‌షిప్ (సొంత వ్యాపారం పెట్టి నడపడం) చెప్పే అధ్యాపకులకు విడిగా శిక్షణ పెట్టి, వ్యాపారం చేసి చూసినవాళ్లను వాళ్ల పక్కన కూర్చోబెట్టింది. 2011లో వ్యాపారవేత్త స్టీవ్ బ్లాంక్ స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మొదలుపెట్టిన స్టార్టప్ కోర్సు నమూనాతో, పరిశోధనలకు నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అదే ఏడాది ఐ-కోర్ అనే శిక్షణ పథకం ప్రారంభించింది. అందులో జట్టుకు ముగ్గురు: పరిశోధక విద్యార్థి, ప్రొఫెసర్, బయటినుంచి వచ్చే మెంటర్ (అనుభవమున్న సలహాదారు). ఏడు వారాల్లో సుమారు వందమంది కస్టమర్లను కలవాలి. ప్రొఫెసర్ అక్కడ సంతకం పెట్టే గైడు కాదు, జట్టులో మనిషి. నా దృష్టిలో ఆ పథకంలో అసలు కిటుకు అదే.

మన దగ్గర దీన్ని చేయాలంటే కోర్సు మొదలయ్యే ముందు సెలవుల్లో ఇద్దరిద్దరు అధ్యాపకులు కలిసి, కొనబోయేవాళ్లతో కనీసం పది ఇంటర్వ్యూలు తామే చేయాలి. ఒకరు అడగాలి, ఒకరు రాసుకోవాలి. ఇద్దరూ అడిగితే ఎవరూ వినరు. "ఇలాంటి యాప్ వస్తే వాడతారా?" అంటే మొహమాటానికి అందరూ వాడతామనే అంటారు. "ఈ ఇబ్బంది పోయినసారి ఎప్పుడొచ్చింది? అప్పుడేం చేశారు? దానికి ఎంత సమయం, ఎంత డబ్బు పోయింది?" అని జరిగిపోయిన దాని గురించి అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఇబ్బంది తప్పించుకోవడానికి ఇంతవరకు ఏమీ చేయనివాళ్లు రేపు డబ్బు పెట్టడం అరుదు. నోట్సు గంటలోపే రాయాలి, అవతలివాళ్ల మాటల్లోనే రాయాలి. "ఆసక్తి చూపారు" అని రాసిన కాగితం చెత్తబుట్టకే. అయిదారు ఇంటర్వ్యూలయ్యాక ప్రశ్నలు మార్చాల్సి వస్తుంది. మార్చనవసరం లేదనిపిస్తే వినడంలోనే ఎక్కడో లోపముంది. పిల్లలు హాస్టల్ మిత్రులనే మళ్లీమళ్లీ అడిగి ఇరవై ఇంటర్వ్యూలు చేశామని చూపిస్తారు. తాను తిరిగిన మాస్టారు దాన్ని రెండు నిమిషాల్లో పసిగడతారు.

ఇక టైమ్‌టేబుల్. వారానికి నాలుగైదు గంటల బోధన తగ్గించకుండా ఈ పని అప్పగిస్తే అది రెండో నెలకే మూలపడుతుంది. అధికారులు దీన్ని ఒప్పుకోవడమే కష్టం.

మార్కులు అమ్మకాలకు ఇవ్వకూడదు. ఇస్తే బంధువులే కొనుగోలుదారులవుతారు. ఏ అంచనా పరీక్షించారు, ఏం తేలింది, దానివల్ల ఏం మార్చారు, వీటికే ఇవ్వాలి. ఆధారం చూపించి "ఇది నడవదు" అని ఆపేసిన జట్టుకూ మంచి మార్కులు రావాలి.

సిబ్బంది అంటే బోధకులే అనుకోవడం మరో పొరపాటు. లేజర్ కటర్ దగ్గర ఉండే ల్యాబ్ టెక్నీషియన్ సంగతి చూడండి. విద్యార్థి పేరూ ఊరూ లేని ప్లాస్టిక్ షీటు తెచ్చి కోయమంటాడు. అది పీవీసీ అయితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. ఊపిరితిత్తులకు చేటు, మెషీన్ లోపలి లోహపు పట్టాలు తుప్పు పడతాయి, లెన్స్ పాడవుతుంది. అనుమానమొస్తే రాగి తీగను ఎర్రగా కాల్చి షీటుకు తాకించి, గాలి బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ కింద మళ్లీ మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే క్లోరిన్ ఉన్నట్టు, ఆ షీటు వెనక్కే. ఈ ముక్క తెలిసిన టెక్నీషియన్, స్టార్టప్‌లకు చోటూ సాయమూ ఇచ్చే ఇన్‌క్యుబేటర్ కేంద్రం మేనేజర్ కంటే ఎక్కువ జట్లను కాపాడతాడు. అకౌంట్స్ గుమాస్తాకూ ఒక పూట కేటాయించాలి. చిన్న సర్క్యూట్ బోర్డుకు కూడా మూడు కొటేషన్లు కావాలంటే సెమిస్టర్ అయిపోతుంది. ఒక పరిమితి వరకు అడ్వాన్సు ఇచ్చి, పాత బిల్లులు చూపాకే తర్వాతి విడత వదిలితే ఆడిట్‌కూ ఇబ్బంది ఉండదు.

జట్లు తమ పనిని అందరికీ చూపించే ప్రదర్శన దినం విషయంలో ఒక హెచ్చరిక. పేటెంట్‌కు పనికొచ్చే ఆలోచనను దరఖాస్తు వేయకముందే పోస్టర్ మీద పెడితే చాలా దేశాల్లో కొత్తదనం పోయినట్టే లెక్క, పేటెంట్ దక్కదు. అమెరికాలో బయటపెట్టాక దరఖాస్తుకు ఏడాది వెసులుబాటు ఉన్నా దాన్ని నమ్ముకుని పోస్టర్ అంటించకూడదు. కంపెనీలో ఎవరికెంత వాటా అన్న కాగితం కూడా స్నేహం బాగున్నప్పుడే రాసుకోవాలి. వాటా నాలుగేళ్లలో విడతలుగా దక్కడం, మొదటి ఏడాది నిండకముందే వెళ్లిపోయినవాళ్లకు ఏమీ రాకపోవడం స్టార్టప్‌లలో మామూలు ఏర్పాటు.

ఇక మన పూర్వ విద్యార్థుల వంతు. సభలో ప్రసంగించి శాలువా కప్పించుకుని వెళ్తే పిల్లలకు మిగిలేది ఫొటో. ఒకే జట్టును మూడుసార్లు, ప్రతిసారీ ముప్పావుగంట కలవండి. రెండోసారి కూర్చోగానే, పోయినసారి చేస్తామన్న పని ఏమైందని అడగండి. మీరు పెట్టుబడి పెట్టాలనుకుంటే ఆ సంగతి ముందే కాలేజీకి రాసిచ్చి, మెంటర్ కుర్చీ మరొకరికి వదలండి.